పేరు చూసి కాదు.. పొరలు చూసి టిక్ పెట్టండి!

వానపాము, ఏలికపాము, కార్జపు జలగ, నక్షత్ర చేప. వీటిలో పాములెన్ని, జలగలెన్ని, చేపలెన్ని? పాములు సున్నా, జలగలు సున్నా, చేపలు కూడా సున్నానే. నవ్వకండి. ఇదే తెలియక నేను ఒక ఉద్యోగం పోగొట్టుకున్నా.

బీటెక్ అయిపోయిన ఏడాది అది. సెంటినరీ కాలనీలో మేం ఏడెనిమిది మందిమి ఆదివారం ఆదివారం ఒకరి క్వార్టర్‌లో కూర్చుని మాక్ టెస్టులు రాసుకునేవాళ్లం. అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు బాయి పనికి పోయేవాళ్లే. ఒకరోజు జనరల్ సైన్స్ పేపర్లో ఈ ప్రశ్న వచ్చింది: శరీరకుహరం లేని త్రిస్తరిత జీవి ఏది? ఆప్షన్లు జలగ, కార్జపు జలగ, వానపాము, హైడ్రా.

నేను ఇంటర్లో ఎంపీసీ. నాకు తెలిసిందల్లా ఎలిమినేషన్ పద్ధతి. జలగ, కార్జపు జలగ రెండూ జలగలే కదా, ఒకటి కరెక్టయితే రెండోది కూడా కరెక్టవ్వాలి, కాబట్టి రెండూ కొట్టేయ్ అనుకున్నా. మిగిలిన రెండింటిలో చిన్నదానికి లోపల ఖాళీ ఎందుకుంటుందిలే అని హైడ్రాకు టిక్ పెట్టా. మా ఎదురు క్వార్టర్ చెల్లె అప్పుడు డిగ్రీ బీజడ్‌సీ చదువుతోంది. పేపర్ దిద్దుతూ ఆగిపోయింది.

"పేరు చూసి పెట్టినవా అన్నా? కార్జపు జలగకు, జలగకు సుట్టరికమే లేదు. ముందు పొరలెన్నో చూడాలె, తర్వాత లోపల ఖాళీ ఉన్నదా లేదా చూడాలె."

రెండు మూడు మార్కుల బయాలజీ కోసం ఇంత అవసరమా అని వదిలేశా. తర్వాత రాసిన అసలు పరీక్షలో కటాఫ్‌కు ఒకటిన్నర మార్కు తక్కువ వచ్చింది. కీ పెట్టుకుని చూస్తే బయాలజీలో నాలుగు వదిలేశా, రెండు తప్పు పెట్టా. తప్పు నాదే, పరీక్షది కాదు. ఆ వారమే నోట్‌బుక్ పట్టుకుని చెల్లె దగ్గరికి పోయా.

గ్రూప్స్ రాసేవారైనా, రైల్వేకి కూర్చునేవారైనా, మీలో సగం మంది జంతువుల వర్గీకరణను పట్టికలా బట్టీ పడుతుంటారు. ఆ పట్టిక పరీక్ష హాల్లో తలకిందులవుతుంది. దాని వెనుక ఉన్న లెక్క ఒక్కసారి తెలిస్తే పట్టికను మీరే గీసుకోవచ్చు.

గాలి తగ్గిన బంతి

ఏ జంతువైనా ఒక్క కణంతో మొదలవుతుంది. అది రెండై, నాలుగై, ఎనిమిదై చివరికి లోపల బోలుగా ఉండే కణాల బంతి అవుతుంది. ఇప్పుడు గాలి తగ్గిన రబ్బరు బంతిని బొటనవేలితో లోపలికి నొక్కినట్టు ఊహించుకోండి. బయట ఒక పొర, లోపలికి మడత పడింది ఇంకో పొర. వేలు పెట్టిన చోట ఒక రంధ్రం. సముద్రపు అర్చిన్ పిండంలో దాదాపు ఇలాగే జరుగుతుంది. కోడిలో, మనిషిలో తీరు వేరుగా ఉంటుంది కానీ ఫలితం అదే. ఈ దశను గాస్ట్రులేషన్ అంటారు.

బయటి పొర బహిస్త్వచం, లోపలి పొర అంతస్త్వచం. కొన్ని జంతువులు ఇక్కడితో ఆగిపోతాయి. హైడ్రా, జెల్లీఫిష్, పగడాలు ఆ బాపతు. ఇవి ద్విస్తరిత జీవులు. రెండు పొరల మధ్య జెల్లీ లాంటి పదార్థం ఉంటుంది కానీ అది కణాలతో ఏర్పడిన అసలైన పొర కాదు. మిగిలిన చాలా జంతువుల్లో ఆ రెండింటి మధ్య మూడో పొర పుడుతుంది. అది మధ్యస్త్వచం. అలాంటివి త్రిస్తరిత జీవులు. ఇంగ్లిష్ మీడియం వాళ్లు ఎక్టోడెర్మ్, మీసోడెర్మ్, ఎండోడెర్మ్ అని చదివేది వీటినే. స్పంజికల్లో అసలైన కణజాలాలే ఉండవు కాబట్టి అవి ఈ లెక్కలోకే రావు.

బొగ్గు బెల్టులో పుట్టినవాళ్లకు పొరలు కొత్త కాదు. ఒకటో సీమ్, రెండో సీమ్, మూడో సీమ్, నాలుగో సీమ్ అని పైనుంచి కిందికి లెక్కపెట్టడం ఇంట్లోనే వింటాం. నేనూ మొదట అలాగే గుర్తుపెట్టుకున్నా. కానీ ఈ పోలిక ఒక దగ్గర చెడుతుంది. సీమ్ ఎక్కడ పడిందో అక్కడే ఉంటుంది. పిండంలో పొరలు ఆగవు. కణాలు వలస పోతాయి, మడత పడతాయి, గొట్టాలవుతాయి. మన మెదడు, వెన్నుపాము పుట్టింది చర్మం పుట్టిన బహిస్త్వచం నుంచే. వీపు మీద ఆ పొర గాడిలా లోపలికి ముడుచుకుని, అంచులు అతుక్కుని గొట్టమైంది. మనిషి పిండంలో ఈ గొట్టం గర్భం దాల్చిన 28 రోజుల లోపే మూసుకోవాలి. పూర్తిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నుపాము లోపంతో పుట్టవచ్చు. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమనే తెలిసి ఉండదు. ఫోలిక్ యాసిడ్ బిళ్లలు గర్భం రాకముందు నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమని చెప్పేది అందుకే. మీ అక్కకో వదినకో ఈ ఒక్క ముక్క చెప్పండి.

బాపు దగ్గు

మా బాపు అండర్‌గ్రౌండ్‌లో పనిచేశాడు. ఆయన ఒంట్లోనే నేను మూడు పొరలనూ చదువుకున్నా. క్యాప్ ల్యాంపు వెలుతురులో పనిచేసిన కళ్లలో నేత్రపటలం, కటకం, ఒంటి మీద పై చర్మం, నరాలు, మెదడు బహిస్త్వచం ఇచ్చినవి. దుంగలు మోసిన భుజాల కండరాలు, నొప్పి పెట్టే నడుము ఎముకలు, గుండె, రక్తం, మూత్రపిండాలు మధ్యస్త్వచం ఇచ్చినవి. జీర్ణనాళం లోపలి అస్తరు, కాలేయం, క్లోమం అంతస్త్వచం ఇచ్చినవి.

మరి ఊపిరితిత్తులు? నేను గుండె పక్కనే ఉన్నాయి కదా అని మధ్యస్త్వచం అనుకున్నా. తప్పు. ఊపిరితిత్తుల లోపలి అస్తరు అంతస్త్వచం. నాలుగో వారంలో తిండి గొట్టం ముందు భాగం నుంచి చిన్న మొగ్గలా బయటికొచ్చి, కొమ్మలేసి అవి తయారవుతాయి. అంటే ఊపిరితిత్తి పేగుకు తోబుట్టువు. తింటుంటే పొలమారినప్పుడు ఎవరో తలుచుకుంటున్నారు అంటారు పెద్దవాళ్లు. అసలు సంగతేమిటంటే శ్వాసనాళం ఒకప్పుడు తిండి గొట్టంలో భాగం, రెండు దారులూ ఇప్పటికీ గొంతు దగ్గరే చీలుతాయి. బొగ్గు ధూళి చేరి కూర్చునేదీ ఆ కొమ్మల చివరనే. దాన్ని మింగి శుభ్రం చేయాలని వచ్చే కణాలు మాత్రం మధ్యస్త్వచం సంతానం. బాపు రాత్రి దగ్గుతుంటే పక్క గదిలో నేను ఇవి రాసుకున్నా. ఆ పేజీని మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

మూడు పొరలూ దాటే పురుగు

ఇప్పుడు మళ్లీ పురుగుల దగ్గరికి వద్దాం. మార్కులు పోయేది ఇక్కడే. త్రిస్తరిత జీవి అని తేలాక అడగాల్సిన రెండో ప్రశ్న, శరీర గోడకూ పేగుకూ మధ్య ఖాళీ ఉందా?

బద్దెపురుగు, కార్జపు జలగ చదునుగా ఉండే పురుగులు. మధ్యలో ఖాళీ లేదు, మధ్యస్త్వచం నుంచి వచ్చిన కణజాలం నిండిపోయి ఉంటుంది. శరీరకుహరం లేనివి ఇవే. ఏలికపాము, కొంకిపురుగు, ఫైలేరియా పురుగు గుండ్రటి పురుగులు. వీటిలో ఖాళీ ఉంటుంది కానీ మధ్యస్త్వచం శరీర గోడ వైపు మాత్రమే పరుచుకుని ఉంటుంది, పేగు వైపు ఉండదు. ఒకవైపే ప్లాస్టరింగ్ చేసిన గది అనుకోండి. అందుకే మిథ్యా శరీరకుహరం. వానపాము, జలగ, నత్త, రొయ్య, కోడి, మనిషి.. వీటన్నింటిలో ఖాళీకి అన్ని వైపులా మధ్యస్త్వచం అస్తరు ఉంటుంది. అది నిజ శరీరకుహరం. రొయ్యలో, నత్తలో పెద్దయ్యాక అది బాగా కుంచించుకుపోతుంది, అయినా లెక్కలో నిజమైనదే.

ఇప్పుడు నా పాత ప్రశ్న చూడండి. జలగ వానపాము బంధువు, నిజ శరీరకుహరం ఉంది, పోయింది. వానపామూ అంతే. హైడ్రాకు రెండే పొరలు. మిగిలింది కార్జపు జలగ. పది సెకన్ల పని.

ఇదంతా పరీక్ష కోసమేనా అంటే కాదు. గొర్లకాపరులను అడగండి. నట్టల మందు వేరు, జలగ మందు వేరు అని చెబుతారు. గుండ్రటి పురుగులకు ఫెన్‌బెండజోల్ లాంటిది ఇస్తే, కార్జపు జలగకు ఆక్సీక్లోజనైడ్ లాంటిది ఇస్తారు. రెండు వేర్వేరు వర్గాల జీవులు కాబట్టి మందులూ సాధారణంగా వేరు. మీరు స్కూల్లో చప్పరించిన తెల్ల బిళ్ల గుర్తుందా? అది ఆల్బెండజోల్. 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు దాన్ని ఇచ్చే జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం 2015లో మొదలైంది. ఆ బిళ్ల గురిపెట్టే వాటిలో కొంకిపురుగు ఒకటి.

కొంకిపురుగుకూ గనులకూ పాత పగ ఉంది. 1880లో ఆల్ప్స్ పర్వతాల కింద గొథార్డ్ రైలు సొరంగం తవ్వుతున్న కూలీలు పాలిపోయి, నీరసించి కూలబడ్డారు. ఇటలీలోని టురిన్‌లో ఎడొవార్డో పెరొంచితో అనే శాస్త్రవేత్త వాళ్ల పేగుల్లో కొంకిపురుగులను పట్టుకున్నాడు. 1902లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తగరపు గనిలోనూ ఇదే రక్తహీనత. దాన్ని తేల్చింది జె.ఎస్. హాల్డేన్. విషవాయువును పసిగట్టడానికి గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకెళ్లమన్నదీ ఈయనే. వెచ్చదనం, తేమ, లోపల మరుగుదొడ్లు లేకపోవడం, చెప్పుల్లేని కాళ్లు. పురుగుకు ఇంతకంటే ఏం కావాలి?

దాని ప్రయాణం చూడండి. లార్వా పాదం చర్మం గుండా దూరుతుంది. రక్తంలో పడుతుంది. ఊపిరితిత్తులకు చేరి, గొంతు దాకా పాకి, మింగుడుపడి, పేగులో కొంకి వేసుకుని కూర్చుంటుంది. చర్మం బహిస్త్వచం, రక్తం మధ్యస్త్వచం, ఊపిరితిత్తీ పేగూ అంతస్త్వచం. మన మూడు పొరలనూ వరసగా దాటుకుంటూ పోయే జీవి ఇది. ఏ అవయవం ఏ పొరదో మర్చిపోతే ఈ దారి తలుచుకోండి చాలు.

కనిపెట్టింది మీ వయసు వాళ్లే

ఈ సబ్జెక్ట్ చరిత్రలో నాకు బాగా నచ్చింది వయసులు. 1817లో కోడిగుడ్లను గంట గంటకూ పగలగొట్టి చూసి, పిండంలో మూడు పొరలున్నాయని రాసిన క్రిస్టియన్ పాండర్‌కు అప్పుడు 23 ఏళ్లు. అన్ని గుడ్లు కొనే స్తోమత మిత్రుడు బేర్‌కు లేదు, బ్యాంకర్ కొడుకైన పాండర్‌కు ఉంది. తర్వాత ఆ పనిని మిగతా వెన్నెముక జీవులకు విస్తరించి పెద్ద పేరు తెచ్చుకున్నది మాత్రం ఆ కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేరే. 1849లో, ఓడలో అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తూ జెల్లీఫిష్‌లను కోసి చూసిన థామస్ హక్స్‌లీకి 24 ఏళ్లు. పెద్ద జెల్లీఫిష్ ఒంట్లోని రెండు పొరలు, కోడి పిండంలోని తొలి పొరల లాంటివే అని పోల్చింది ఆయన. 1873లో ఈ పొరల సంఖ్యనే ఆధారం చేసుకుని జంతువులను ద్విస్తరిత, త్రిస్తరిత అని విడగొట్టిన రే లాంకెస్టర్‌కు 26.

హిల్డె మాంగోల్డ్ జర్మనీలో న్యూట్ పిండం నుంచి చిన్న ముక్క తీసి ఇంకో పిండానికి అతికించింది. అక్కడ రెండో పిండం లేచింది. ఏ పొర ఏమవ్వాలో చెప్పే 'మేస్త్రీ' కణాలున్నాయని తేలింది. 1924లో, ఆ పేపరు వచ్చిన ఏడాదే వంటింట్లో హీటర్ పేలి ఆమె చనిపోయింది. 25 ఏళ్లు. 1935లో నోబెల్ ఆమె గైడ్ హాన్స్ స్పీమన్‌కు వచ్చింది.

పేపర్ సెట్టర్ వలలు

నక్షత్ర చేపను చూస్తే చక్రంలా ఉంటుంది. జెల్లీఫిష్ కూడా వలయాకారమే. కాబట్టి రెండూ ద్విస్తరితాలే అనిపిస్తుంది. కాదు, నక్షత్ర చేపకు మూడు పొరలు. దాని లార్వా మనలాగే కుడి ఎడమలు సమానంగా ఉన్నదే, పెద్దయ్యాకే చక్రమవుతుంది. ఇంకో సంగతి, బంతిని నొక్కినప్పుడు రంధ్రం పడింది కదా? పాఠ్యపుస్తకాల లెక్కలో అది నోరు అయితే ఒక గుంపు. వానపాము, నత్త, కీటకాలు అటు. పాయువు అయితే ఇంకో గుంపు. నక్షత్ర చేప, మనం ఇటు. ఈగ కంటే నక్షత్ర చేప మనకు దగ్గరి చుట్టం అంటే మా బాపు ఇప్పటికీ నమ్మడు.

ప్లీహం జీర్ణాశయం పక్కనే ఉంటుంది కానీ అది మధ్యస్త్వచం. అధివృక్క గ్రంథిలో బయటి భాగం మధ్యస్త్వచం, లోపలి భాగం బహిస్త్వచం. ఎముకలన్నీ మధ్యస్త్వచమే అని రాయకండి, ముఖంలోని చాలా ఎముకలు నాడీ శిఖరం అనే బహిస్త్వచ కణాల నుంచి వస్తాయి. ఈ కణాలను 1868లో విల్‌హెల్మ్ హిస్ గుర్తించాడు. ఇవి చేసే పనులు చూసి దీన్నే నాలుగో పొర అనాలనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. పరీక్షలో మాత్రం మూడే రాయండి.

పట్టికను వేదంలా నమ్మకూడదని ఇంకో చోట కూడా తెలిసింది. కుహరం లేనివి, మిథ్యా కుహరం, నిజ కుహరం అని మెట్లు మెట్లుగా చదువుతాం కదా. 1997లో జన్యువులను పోల్చి చూసినప్పుడు, మిథ్యా కుహరమున్న గుండ్రటి పురుగులు కీటకాలకు దగ్గరగా తేలాయి. రెండూ పై తొడుగు విడిచేవే. అంటే కుహరం లెక్క పోలికలు చెబుతుంది కానీ, వంశవృక్షం మొత్తం చెప్పదు. రెండు పొరలు, మూడు పొరలు అనే పెద్ద చీలిక మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది.

ఇది చదివితే ఉద్యోగమా?

నేరుగా కాదు. కానీ దారులున్నాయి. నీట్‌కు జంతురాజ్యం పాఠంలో ఇదే పునాది. మన గోదావరిఖనిలోనే 2022లో మెడికల్ కాలేజీ తరగతులు మొదలయ్యాయి, ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిండోత్పత్తి శాస్త్రంలో మళ్లీ ఈ పొరలే ఎదురవుతాయి. బీజడ్‌సీ వాళ్లు సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాస్తే అభివృద్ధి జీవశాస్త్రం యూనిట్‌లో ఇదుంది. మంథని జేఎన్టీయూ పిల్లల్లారా, మీ కాలేజీ ఉన్నదీ మా కాలనీ దగ్గరే కాబట్టి చనువుగా చెబుతున్నా, గేట్‌లో బయోటెక్నాలజీ పేపర్ ఉందని గుర్తుంచుకోండి. ప్రయోగశాలల్లో మైక్రోస్కోపు ఫొటోలను విశ్లేషించడానికి కోడ్ రాసేవాళ్లూ కావాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ 1977 నుంచి ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, దెబ్బతిన్న నల్లగుడ్డు మీద కంటి అంచు మూలకణాలతో కొత్త పొర పెంచుతున్నారు. ఆ పొర పుట్టుకతో బహిస్త్వచం. మూలకణాలకు ఏ కణమైనా కాగల శక్తి నిజంగా ఉందా అని పరీక్షించేటప్పుడు చూసేది కూడా అవి మూడు పొరల కణజాలాలనూ ఇవ్వగలవా లేదా అనే.

మా చెల్లె ఇప్పుడు పిల్లలకు బయాలజీ చెబుతోంది. నేను ఫోన్లు, యాప్‌ల గురించి బ్లాగు రాసుకుంటూ హైదరాబాద్‌లో మెడికల్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. ఈ వ్యాసం పంపే ముందు ఆమెకే చూపించా. "ప్రశ్నలు లేకుండా పాఠమేంది అన్నా" అని ఈ నాలుగు రాసిచ్చింది. పెన్ను తీయండి.

నేత్రపటలం, కాలేయం, ప్లీహం.. ఏది ఏ పొరది? సముద్ర దోసకాయ నక్షత్ర చేపకు బంధువు, మరి దానికి పొరలెన్ని? బద్దెపురుగుకూ ఏలికపాముకూ లోపల తేడా ఏంటి? పగడం రాయిలా గట్టిగా ఉంటుంది, అయినా అది హైడ్రా పక్కన ఎందుకు నిలబడుతుంది?

జవాబులన్నీ పైనే ఉన్నాయి. చివరిది ఒక్కటి కాస్త వెతకాలి.